ఒక్క పేషెంట్ కథ.. ఎంతవరకు నమ్మాలి?

ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నూడుల్స్ చెబుతూ ‘అన్నా.. టేస్టింగ్ సాల్ట్ వెయ్యకు’ అనేవాళ్లు ప్రతి గ్యాంగ్‌లో ఒక్కరైనా ఉంటారు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? 1968లో ఓ డాక్టర్ రాసిన చిన్న ఉత్తరం నుంచి!

అమెరికాలో ఉండే రాబర్ట్ హో మాన్ క్వాక్‌కి అక్కడి చైనీస్ రెస్టారెంట్లలో తిన్నప్పుడల్లా మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండెదడ వచ్చేవి. ఆ సంగతి ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’కి రాశారు. కారణం సోయాసాస్ కావచ్చు, వంటలో పోసే వైన్ కావచ్చు, ఎక్కువైన ఉప్పు కావచ్చు, మోనోసోడియం గ్లుటామేట్ కావచ్చు.. ఎవరైనా తేల్చి చెబితే బాగుంటుంది అన్నారు. అంటే ఆయన వేసింది ప్రశ్న. జనం దాన్ని జవాబు అనుకున్నారు. టేస్టింగ్ సాల్ట్ విలన్ అయిపోయింది.

తర్వాత ఎవరికి ఏది పెట్టారో తినేవాళ్లకీ, పెట్టేవాళ్లకీ తెలియకుండా పరీక్షలు చేశారు. మామూలుగా తినే మోతాదులో ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. కానీ ఆ ఫలితం ఇప్పటికీ మన బండి దాకా రాలేదు. ఉత్తరం మాత్రం ఎప్పుడో వచ్చేసింది.

ఇది కూడా బగ్ రిపోర్టే

డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన వింత కేసుల గురించి జర్నల్స్‌లో రాస్తుంటారు. పేషెంట్ వయసెంత, లక్షణాలేంటి, ఏ టెస్టులు చేశారు, ఏ మందులిచ్చారు, చివరికి ఏమైంది.. అన్నీ ఉంటాయి. దీన్నే కేస్ రిపోర్ట్ అంటారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే బగ్ రిపోర్ట్.

‘పేమెంట్ దగ్గర యాప్ ఆగిపోతోంది’ అని ఒక యూజర్ టికెట్ పెట్టాడనుకోండి. పట్టించుకోకుండా మూసేస్తే తప్పు. అలాగని ఆ ఒక్క టికెట్ చూసి కోడంతా తిరగరాయడమూ తప్పే. ఆ ఫోన్‌లో సమస్యా, నెట్‌వర్క్‌దా, నిజంగా మనదేనా అని ముందు చూడాలి. ఇంకెవరికైనా అలాగే అవుతోందేమో వెతకాలి.

ఐదుగురితో మొదలైంది

1981 జూన్ 5న అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ తన వారపత్రికలో ఒక చిన్న రిపోర్ట్ వేసింది. లాస్ ఏంజెలెస్‌లోని మూడు ఆసుపత్రుల్లో ఐదుగురు కుర్రాళ్లకి న్యుమోసిస్టిస్ అనే అరుదైన న్యుమోనియా వచ్చింది. మామూలుగా అది రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయినవాళ్లకే వస్తుంది. వీళ్లు అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. రిపోర్ట్ వచ్చేసరికే ఇద్దరు చనిపోయారు.

అదే సమయంలో సీడీసీలో సాండ్రా ఫోర్డ్ అనే ఉద్యోగి ఇంకో విషయం గమనించింది. ఆ న్యుమోనియాకి వాడే పెంటామిడిన్ కోసం ఎన్నడూ లేనన్ని రిక్వెస్టులు వస్తున్నాయి. లాగ్స్ చూస్తూ ‘ఇక్కడేదో తేడాగా ఉందే’ అని పట్టుకున్నట్టన్నమాట. ఆ రిపోర్ట్ చదివాక వేరే ఊళ్ల డాక్టర్లు కూడా ‘మా దగ్గరా ఇలాంటి కేసులున్నాయి’ అని చెప్పడం మొదలుపెట్టారు. ఆ జబ్బే ఎయిడ్స్. కారణమైన వైరస్ దొరికింది 1983లో. ఐదుగురే కదా అని ఆ రిపోర్ట్‌ని పక్కన పడేసి ఉంటే ఎంత ఆలస్యమయ్యేదో!

ఐదు వాక్యాల ఉత్తరం

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 1980 జనవరిలో అదే న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో ఐదే వాక్యాల ఉత్తరం ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో ఉండగా నల్లమందు జాతి నొప్పి మందులు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు అలవాటు లేనివాళ్లలో నలుగురే వాటికి బానిసలైనట్టు కనిపించిందని దాని సారాంశం. అది ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్ల ముందు వాడిన సంగతి. ఇంటికెళ్లి నెలల తరబడి మింగితే ఏమవుతుందో అందులో లేదు.

కానీ 90ల్లో ఈ మందుల అమ్మకాలు ఊపందుకున్నాక ‘బానిసలవడం చాలా అరుదు’ అనడానికి ఆ ఉత్తరాన్నే ఆధారంగా చూపించారు. 2017లో పరిశోధకులు లెక్కపెడితే దాన్ని 608 చోట్ల ప్రస్తావించారని తేలింది. వాటిలో 80 శాతానికి పైగా చోట్ల, వాళ్లు ఆసుపత్రిలో ఉన్న పేషెంట్లన్న ముక్కే లేదు. ఆ మందుల వల్ల అమెరికాలో లక్షల మంది చనిపోయారు. ఆ పాపం అంతా ఒక్క ఉత్తరానిది కాదు. కానీ పూర్తిగా చదవకుండా ఫార్వర్డ్ చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

రీల్ చూసేటప్పుడు..

‘ఈ కషాయంతో మా మావయ్యకి షుగర్ పోయింది’ అని రీల్ వస్తే మావయ్య అబద్ధం చెబుతున్నాడని అనుకోనక్కర్లేదు. ఈ నాలుగూ అడగండి చాలు.

ఒకటి, కషాయంతో పాటు అన్నం తగ్గించాడా, నడక మొదలుపెట్టాడా, టాబ్లెట్లు కూడా వేసుకుంటున్నాడా?

రెండు, తగ్గిందని చెప్పింది టెస్ట్ రిపోర్టా, మావయ్య నోటి మాటేనా?

మూడు, అదే తాగి తగ్గనివాళ్లు ఎంతమంది? వాళ్లెవరూ రీల్ చేయరు కదా.

నాలుగు, వీడియో కింద కొనుక్కునే లింక్ ఉందా?

వీటికి జవాబు లేకపోతే అది చికిత్స కాదు, ఇంకా తేలని టికెట్. దాన్ని నమ్మి ఇంట్లో అమ్మ షుగర్ మాత్రలు ఆపేస్తే నష్టపోయేది రీల్ చేసినవాడు కాదు.

మీరూ టికెట్ పెట్టొచ్చు

ఏదైనా మందు వేసుకున్నాక దద్దుర్లో, కళ్లు తిరగడమో వస్తే ముందు డాక్టర్‌కి చూపించండి. తర్వాత 1800 180 3024కి ఫోన్ చేసి చెప్పండి. ఇది కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వాళ్ల టోల్ ఫ్రీ నంబర్. డాక్టర్లే కాదు, పేషెంట్లు కూడా చెప్పొచ్చు. మందు పేరు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఏం జరిగింది అన్నవి దగ్గర పెట్టుకోండి. మీ ఒక్కరి ఫోన్‌తో ఏదీ రుజువు కాదు. కానీ ఇంకో ఊరి నుంచి ఇంకొకరు అదే చెబితే, వెతకాల్సినవాళ్లు వెతకడం మొదలుపెడతారు.