నీళ్ళు మార్చడం నిత్యమా, బహుళమా?



ఉప్పునీటి అక్వేరియం పెంచేవారిని "నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి మార్చాలండీ?" అని అడిగి చూడండి. ఒకరు వారానికి 10 శాతం అంటారు. మరొకరు నెలకు 40 శాతం అంటారు. ఇంకొకరు మంచి స్కిమ్మరు ఉంటే అసలు మార్చనక్కరలేదంటారు. ఉప్పు అమ్మేవాడిది మొదటి మాట, యంత్రం అమ్మేవాడిది చివరి మాట. అందరూ ఆజ్ఞాపించేవారే గాని, "తమ తొట్టిలో ఎన్ని చేపలున్నాయి? మేత ఎంత వేస్తారు? నైట్రేటు ఎంత ఉంది?" అని ఎదురుప్రశ్న వేసేవారు అరుదు. రోగి నాడి పట్టకుండానే మందు రాసిచ్చే వైద్యుణ్ణి మనం ఏమంటామో, వీరినీ ఆ మాటే అనాలని నా వాదం.

ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఉకారసంధి నిత్యమనీ, అకారసంధి బహుళమనీ ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. బహుళమంటే ఇష్టం వచ్చినట్టు చేసుకోమని కాదు. ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, మరొకచోట వైకల్పికమవుతుంది; ఎక్కడ ఏదో ప్రయోగం చూసి తెలుసుకోవాలి. నీళ్ళు మార్చే సంగతి అచ్చంగా బహుళం. దానిని నిత్యం చేసినవారితోనూ, నిషేధం చేసినవారితోనూ నాకు సమానంగా తగవుంది.

అసలు నీళ్ళెందుకు మార్చాలి? చేప విసర్జించినదీ, తినక వదిలిన మేత కుళ్ళినదీ అమ్మోనియా అవుతుంది. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగానూ, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషాలు. మూడవది అంత క్రూరమైనది కాదు గాని, గాజుపెట్టెలో పోయే దారి లేక పేరుకుంటుంది. పేరుకున్నదానిని పలుచన చేయడమే నీటి మార్పుకు ప్రధాన ప్రయోజనం. పలుచన అన్నాక అది నమ్మకాల విషయం కాదు, లెక్క విషయం.

ఆ లెక్క కాగితం మీద వేసుకుందాం. వారానికి లీటరుకు 5 మిల్లీగ్రాముల నైట్రేటు పెరిగే తొట్టి ఒకటి ఉందనుకోండి. పోసే కొత్తనీటిలో నైట్రేటు లేదనుకోండి. వారానికి 10 శాతం నీరు మారిస్తే, కొన్ని నెలలకు ఆ తొట్టి మార్చేముందు 50 వద్దా, మార్చిన తరువాత 45 వద్దా నిలబడుతుంది. 50లో పదోవంతు 5 కనుక, వచ్చినదీ పోయినదీ సరి. అదే తొట్టికి రెండు వారాలకు 20 శాతం మారిస్తే 50కీ 40కీ మధ్య ఊగుతుంది. నాలుగు వారాలకు 40 శాతమైతే 50కీ 30కీ మధ్య ఊగుతుంది. చూశారా, మూడు పద్ధతులకూ శిఖరం ఒక్కటే! మారినది ఊగిసలాట మాత్రమే. వారమా నెలా అని తగవులాడుకునేవారిద్దరూ ఒకే కొండ ఎక్కుతున్నారన్నమాట.

కాబట్టి ప్రశ్న రెండుగా విడిపోతుంది. నెల మొత్తం మీద ఎంత మార్చాలనేది చెత్త ఎంత పుడుతోందో దానిని బట్టి తేలుతుంది. దానిని ఎన్ని విడతలుగా మార్చాలనేది మన జీవులు ఎంత ఊగిసలాటను ఓర్చుకోగలవో దానిని బట్టి తేలుతుంది. వారానికి 1 మిల్లీగ్రామే పెరిగే తొట్టిలో ఆ వారపు 10 శాతానికే శిఖరం 10 దాటదు. ఒకే సూత్రం ఒక తొట్టిని 50లో ఉంచింది, మరొకదానిని 10లో ఉంచింది. ఇక ఆ సూత్రం దేనికి ప్రమాణం?

"వారానికి పదోవంతు మారిస్తే పది వారాలకు నీరంతా కొత్తదవుతుంది" అనే మాట కూడా తరచు వింటాను. కాదు. ప్రతిసారీ కొత్తనీటిలోనూ పదోవంతు తీసి పారబోస్తున్నాం కదా. పది విడతల తరువాత కూడా పాతనీరు సుమారు 35 శాతం మిగిలే ఉంటుంది.

ఇక మార్చనక్కరలేదనే పక్షం. ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త మంచినీటి తొట్టిలో చేపలనూ, మొక్కలనూ, నత్తలనూ కలిపి ఉంచి, ఒకదాని వ్యర్థం మరొకదానికి ఆహారమయ్యే తీరును 1850లోనే ప్రకటించాడు. ఆ తర్కం సరైనదే. కాని తినే నోరు ఉన్నప్పుడే వ్యర్థం ఆహారమవుతుంది. సముద్రపు నాచు పెంచి, స్కిమ్మరు నడిపి, ఏ రోజు లోటు ఆ రోజు పూరించి నీరు మార్చకుండా నెట్టుకొచ్చేవారు నేడూ ఉన్నారు. వారు మనకంటే ఎక్కువసార్లు పరీక్షలు చేస్తారు, తక్కువసార్లు కాదు. వారు బకెట్ దించి టెస్ట్ కిట్ పట్టుకున్నారు. రెండూ దించేసి వారి పేరు చెప్పుకోవడం బద్ధకం.

పగడాలున్నచోట తగవు మరో మలుపు తిరుగుతుంది. గట్టి పగడాలు నీటిలోని కాల్షియాన్నీ, కార్బొనేటునూ తీసుకుని ఒళ్ళు కట్టుకుంటాయి. ఆ లోటు తీరుతుందని నీరు మార్చేవారున్నారు. 10 శాతం మారిస్తే తీరేది ఆ లోటులో పదోవంతు. మిగతా తొమ్మిది వంతులకు ఆ లవణాలను విడిగా కలపవలసిందే.

మాది విశాఖ. "పక్కనే సముద్రం పెట్టుకుని ఉప్పు కొనడమేమిటి మాస్టారూ, రోజూ బిందెడు తెచ్చి పోయరాదా?" అని హితవు చెప్పేవారున్నారు. అమెరికాలో మాంటెరే బే అక్వేరియం వారు పక్కనున్న సముద్రం నుండే నీరు తోడుకుంటారు, నిజమే. కాని నగరపు మురుగుకాలువలు కలిసే ఒడ్డున ముంచిన బిందెలో ఏముందో ఎవరు చెప్పగలరు? పైగా వానలు కురిసి నదులు పొంగాక మన బంగాళాఖాతపు పైనీటిలో ఉప్పదనం తగ్గుతుంది. రుతువుకొక తీరున ఉండే నీటిని రోజూ పోయడం చేపకు ఉపకారం కాదు.

మరొక పొరపాటు వేసవిలో ఎక్కువ. ఆవిరైపోయేది నీరే గాని ఉప్పు కాదు. తగ్గిన మట్టాన్ని ఉప్పునీటితో నింపి, నీరు మార్చామనుకుంటే ఉప్పదనం పెరుగుతూ పోతుంది. తగ్గినంత మేరకు శుద్ధిచేసిన మంచినీరే పోయాలి. అది మార్పు కాదు, భర్తీ.

మరి నిర్ణయించడమెలా? నీరు మార్చకుండా రెండు మూడు వారాలు నైట్రేటు కొలిచి, వారానికి ఎంత పెరుగుతోందో పుస్తకంలో రాసుకోవాలి. మన జీవులకు ఎంతవరకు ఫరవాలేదో అది శిఖరంగా పెట్టుకోవాలి. విడతకు విడతకు మధ్య పెరిగేదానిని ఆ శిఖరంతో భాగిస్తే మార్చవలసిన భాగం వస్తుంది. మా 200 లీటర్ల తొట్టిలో వారానికి 2 మిల్లీగ్రాములు పెరుగుతోంది. నేను పెట్టుకున్న శిఖరం 20. రెండు వారాలకు పెరిగేది 4; దానిని 20తో భాగిస్తే అయిదోవంతు, అంటే 40 లీటర్లు. ఇది మా తొట్టి లెక్క, ఎవరూ అనుకరించవద్దు. చేప చనిపోయినా, అమ్మోనియా కనబడినా అది ఆపద్ధర్మం. అప్పుడు పుస్తకం మూసి వెంటనే నీరు మార్చాలి.

ఇంత చిన్నవిషయానికి ఇంత వాదమా అనకండి. అంగట్లో దొరికే సముద్రపు చేపలలో చాలా జాతులు నేటికీ తొట్లలో పుట్టినవి కావు, దిబ్బల దగ్గర పట్టి తెచ్చినవి. మన అలక్ష్యానికి ఒకటి పోతే, దాని స్థానంలోకి మరొకటి సముద్రం నుండే రావాలి. అవసరం లేని మార్పూ పుణ్యం కాదు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు కావాలి. వారానికి 20 లీటర్ల చొప్పున ఏడాదికి 36 కిలోలు. ఇంట్లో ఆర్.ఓ. యంత్రం ఒక బకెట్ శుద్ధజలం ఇవ్వడానికి అంతకంటే ఎక్కువ నీటినే కాలువలోకి వదులుతుంది. మండువేసవిలో వీధి కుళాయి దగ్గర బిందెల వరుస చూసినవారికి ఆ నీటి విలువ వేరే చెప్పాలా?

వ్యాకరణానికి ప్రయోగమే శరణ్యమని మా గురువులు చెప్పేవారు. ఆ మాటకు ఉన్న రెండో అర్థం అక్వేరియానికి సరిగ్గా సరిపోతుంది. నాతో విభేదించే మిత్రులు తప్పక వ్యాఖ్య రాయండి. ఒక్కటే షరతు: "మా అంగడివారు చెప్పారు" అని కాక, మీ తొట్టిలో మూడు వారాల నైట్రేటు అంకెలతో రండి.