మజ్జిగతో మింగే మాత్ర

మన ఇళ్ళల్లో భోజనం చివర పెరుగన్నం ఉంటుంది, పెరుగన్నం చివర మాత్ర ఉంటుంది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మాత్రా, గ్లాసు నిండా మజ్జిగా సిద్ధం. అదే యాంటీబయాటిక్ అయితే శ్రద్ధ ఇంకాస్త ఎక్కువ. "అసలే వేడి చేసే మందు, మజ్జిగ ఇంకొంచెం పొయ్యి" అంటారు పెద్దవాళ్ళు. రాత్రి పూట అయితే గోరువెచ్చటి పాలు. అన్నీ ప్రేమతో చేసే పనులే. కానీ కొన్ని మందుల విషయంలో ఈ ప్రేమే మందుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. ఆ సంగతి చీటీ రాసినాయన చెప్పరు, మందు ఇచ్చినాయనా చెప్పరు. ఇంట్లో వడ్డించే మనిషికి చెప్పాలని అసలు ఎవరికీ తట్టదు. నా గొడవంతా అదే.

నేను మాట్లాడుతున్నది ఒక కుటుంబం గురించి. సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్, నార్‌ఫ్లాక్ససిన్, మాక్సిఫ్లాక్ససిన్. మనకి ఇంటిపేరు ముందుంటుంది, వీళ్ళకి చివర ఉంటుంది, అంతే తేడా. కంపెనీ పెట్టిన పేరు ఏదైనా, స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో 'ఫ్లాక్ససిన్' అని ఉంటే ఈ కుటుంబమే. మూత్రంలో మంటకి ఒకరు, విరోచనాలకి ఒకరు, దగ్గుకి ఒకరు, ఆఖరికి కంట్లో వేసే చుక్కల్లో ఒకరు. వీళ్ళు రాని తెలుగు ఇల్లు ఉండదేమో. పనికిరాని మందులని నేను అనడం లేదు. మా పిన్నికి మూత్రం ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకి, చలిజ్వరంతో వణికిపోతుంటే, కల్చర్ పరీక్ష చేసి ఈ కుటుంబంలోని మందే ఇచ్చారు. మూడో రోజుకి లేచి కూర్చుంది. అవసరమైన చోట అవి ప్రాణం నిలబెడతాయి. అందుకే వాటిని సరిగ్గా వాడాలనే పట్టుదల నాకు.

ముందు వంటింటి సంగతి. సిప్రోఫ్లాక్ససిన్‌కి కాల్షియం అంటే పడదు. రెండూ కడుపులో కలిస్తే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, మందు రక్తంలోకి ఎక్కాల్సినంత ఎక్కదు. పాలతోనో, పెరుగుతోనో మింగితే దాదాపు మూడో వంతు మందు దండగ. భోజనంలో మిగతా వాటితో పాటు కాస్త పెరుగు ఉంటే ఫరవాలేదంటారు గానీ, మన పెరుగన్నమూ ఆపైన గ్లాసుడు మజ్జిగా 'కాస్త' లెక్కలోకి రావని నా అభిప్రాయం. కాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు, జింక్ కలిసిన విటమిన్ మాత్రలు, కడుపులో మంటకి తాగే గులాబీరంగు గ్యాస్ సిరప్ అయితే మరీ ఘోరం. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం మందుని చాలా వరకు ఆపేస్తాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది చూడండి. యాంటీబయాటిక్ రాసిన అదే చీటీలో, నీరసానికని విటమిన్ మాత్రా, గ్యాస్‌కని సిరపూ రాస్తారు. మూడింటికీ ఎదురుగా 'భోజనం తర్వాత' అని ఉంటుంది. మనం బుద్ధిమంతుల్లా మూడూ కలిపి మింగిస్తాం. జ్వరం తగ్గదు. "ఈ మందు పనిచెయ్యట్లేదు, ఇంకా పవర్‌ఫుల్‌ది రాయండి" అని మళ్ళీ వెళ్తాం.

దీనికి లెక్క సులువే. యాంటీబయాటిక్ ముందు వేసుకుంటే, ఆ మిగతావి కనీసం రెండు గంటలు ఆగి వేసుకోవాలి. అవి ముందు వేసుకుంటే, సిప్రోఫ్లాక్ససిన్‌కి ఆరు గంటలు ఆగాలి. మా ఇంట్లో అయితే ఉదయం ఆరింటికి ఒక మాత్ర, సాయంత్రం ఆరింటికి ఒక మాత్ర, రెండూ నిండు గ్లాసు మంచినీళ్ళతో. కాల్షియం మాత్ర సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి. పెరుగన్నం మధ్యాహ్నం మాత్రమే. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి పెడితే ఎవరు వడ్డించినా పొరపాటు రాదు. రోజంతా నీళ్ళు బాగా తాగించాలి. 'వేడి చేసింది' అని మనం అనుకునేదానికి మజ్జిగ కన్నా మంచినీళ్ళు మేలు.

కాఫీ గురించి చెబితే కొంతమందికి నా మీద కోపం వస్తుంది. సిప్రోఫ్లాక్ససిన్ వాడుతున్నన్నాళ్ళూ కాఫీలోని కెఫీన్ ఒంట్లోంచి తొందరగా పోదు. రోజూ తాగే రెండు కప్పులే నాలుగు కప్పుల్లా పనిచేస్తాయి. గుండె దడ, చేతులు వణకడం, రాత్రంతా నిద్ర లేకపోవడం. "మందు పడలేదు, గాభరాగా ఉంది" అని మానేసేవాళ్ళలో కొందరిది ఫిల్టర్ కాఫీ గాభరా అని నాకు గట్టి అనుమానం. ఆ వారం రోజులూ ఒక అరకప్పుతో సరిపెట్టుకోండి.

ఇవన్నీ మందు పనిచెయ్యకపోవడం గురించి. అసలు భయపడాల్సింది వేరే ఉంది.

మా మావయ్యగారికి డెబ్భై రెండేళ్ళు. పోయిన చలికాలం దగ్గు, ఆయాసం పట్టుకుంటే దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్ళారు మావారు. లీవోఫ్లాక్ససిన్ ఇచ్చారు, ఆయాసానికి స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. నాలుగో రోజు పొద్దున్నే ఆయన మంచం దిగి బాత్‌రూమ్‌కి వెళ్ళలేకపోయారు. కుడికాలి మడమ వెనక నొప్పి, కాస్త వాపు. మా అత్తయ్యగారు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయబోయారు. మావారు "నిన్న గుడికి నడిచారుగా, అదే" అన్నారు. ఇంట్లోకి వచ్చిన ప్రతి మందు కాగితం చదవడం నాకున్న అలవాటు. దీని మీద మా ఇంట్లో జోకులు కూడా ఉన్నాయి, పెళ్ళి శుభలేఖ కన్నా శ్రద్ధగా చదువుతుందని. ఆ కాగితంలో ఉంది ఈ నొప్పి. మడమ వెనక తాడులా చేతికి తగులుతుందే, మనం నరం అంటాం గానీ అది నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టే తాడు. టెండన్ అంటారు. ఈ ఫ్లాక్ససిన్ మందులు కొందరిలో ఆ తాడుని వాచేలా చేస్తాయి, ఒక్కోసారి తెగేలా కూడా చేస్తాయి. మొదటి మాత్రలతోనే రావచ్చు, మందు ఆపేసిన కొన్ని నెలలకీ రావచ్చు.

నేను నూనె గిన్నె పక్కన పెట్టించి క్లినిక్‌కి ఫోన్ చేశాను. తర్వాతి మాత్ర వెయ్యొద్దు, కాలు కదపొద్దు, తీసుకురండి అన్నారు. స్కానింగ్ చేస్తే తాడు తెగలేదు, వాచిందంతే. మందు మార్చారు. ఆయన మళ్ళీ మామూలుగా నడవడానికి నెలన్నర పట్టింది. "ముందే ఒక మాట చెబితే బాగుండేది కదండీ" అని అడిగాను డాక్టరుగారిని. "అందరికీ రాదమ్మా, అరుదు" అన్నారు.

అరుదే, కాదనను. కానీ ఎవరికి ఎక్కువగా వస్తుందో తెలుసు కదా. అరవై దాటినవాళ్ళకి, స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళకి, కిడ్నీ, గుండె, ఊపిరితిత్తి మార్పిడి చేయించుకున్నవాళ్ళకి. అమెరికాలో ఎఫ్‌డీఏ 2008లోనే ఈ మందుల కాగితం మీద నల్ల గీతల పెట్టెలో ఈ హెచ్చరిక పెట్టించింది. 2016లో ఇంకో మాట కలిపింది: మామూలు సైనస్, బ్రాంకైటిస్, చిక్కులేమీ లేని మూత్రం ఇన్ఫెక్షన్‌లాంటి వాటికి వేరే మందు ఉంటే వీటి జోలికి వెళ్ళొద్దని. మా మావయ్యగారు వయసు లెక్కలోనూ ఉన్నారు, స్టెరాయిడ్ లెక్కలోనూ ఉన్నారు. 'అరుదు' అనేది ఊరందరినీ కలిపి చెప్పే మాట. ఎదురుగా కూర్చున్న డెబ్భై రెండేళ్ళ మనిషికి చెప్పే మాట వేరే ఉండాలి.

షుగరు మందులు వాడేవాళ్ళు ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. గ్లిమెపిరైడ్‌లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ ఇవి వేసుకుంటే షుగరు ఉన్నట్టుండి బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే ముందు చక్కెర నీళ్ళు, ఆ తర్వాతే మిగతా ప్రశ్నలు. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే "వయసు కదా" అని తీసిపారెయ్యకండి. 2018లో అదే ఎఫ్‌డీఏ ఈ రెండింటి గురించీ హెచ్చరిక గట్టిగా రాయించింది. చేతులూ కాళ్ళూ తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, దద్దుర్లు, మొహం వాపు, గుండె దడ, నీళ్ళలా ఆగని విరోచనాలు, వాటిలో రక్తం, వీటిలో ఏది వచ్చినా తర్వాతి మాత్రకి ముందు ఫోన్. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఫోన్లు కాదు, నేరుగా ఆస్పత్రికే. ఎండలో ఎక్కువ తిరగకూడదు కూడా, చర్మం తొందరగా కమిలిపోతుంది. నడుం నొప్పికి ఇచ్చే టిజానిడిన్‌ని సిప్రోఫ్లాక్ససిన్‌తో అసలు కలపకూడదు, బీపీ ప్రమాదంగా పడిపోతుంది. నడుం నొప్పి మాత్రని మందుల లెక్కలో చెప్పని ఇళ్ళు ఎన్నో, అందుకే రాస్తున్నాను.

"ఇవన్నీ చదివితే ఎవరూ ఏ మందూ వేసుకోరు" అని మా ఆడపడుచు వాదన. అందులో కొంత నిజముంది. కాగితం చదివి బెదిరి, ఎవరికీ చెప్పకుండా మందు మానేసేవాళ్ళని చూశాను. అదీ ప్రమాదమే. జ్వరం తగ్గింది కదా అని సొంతంగా ఆపేస్తే సగం చచ్చిన క్రిములు మళ్ళీ లేస్తాయి. నేననేది భయపడమని కాదు, డాక్టరుకి చెప్పి ఆపమని, లేదా చెప్పించుకుని కొనసాగించమని. ఆ ఫోన్ చేసే ధైర్యం రావాలంటే ఏ నొప్పి మామూలుదో, ఏది కాదో ముందే తెలియాలి.

అసలు అవసరం లేకుండా వేసే మాత్రలే సగం అని నా నమ్మకం. విరోచనాలు మొదలవగానే ఆఫ్లాక్ససిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర తెచ్చేసుకుంటారు, చీటీ కూడా ఉండదు. మామూలు నీళ్ళ విరోచనాలు చాలా మటుకు రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి, కావలసింది ఓఆర్‌ఎస్. రక్తం పడినా, జ్వరం గట్టిగా ఉన్నా అది డాక్టరు చూడాల్సిన సంగతి. టైఫాయిడ్‌కి ఒకప్పుడు సిప్రోఫ్లాక్ససినే దిక్కు. ఇప్పుడు మన దేశంలో టైఫాయిడ్ క్రిములు చాలా వరకు దానికి లొంగడం లేదు. ఇక దగ్గుకి లీవోఫ్లాక్ససిన్ ఇవ్వడం మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. మొండి టీబీకి వాడే మందుల్లో అదొకటి. టీబీ ఉన్న మనిషికి మామూలు దగ్గనుకుని అది ఇస్తే కొన్నాళ్ళు తగ్గినట్టుంటుంది, అసలు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది, ఆలోగా ఇంట్లో పిల్లలకీ అంటుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకి ముందు కళ్ళె పరీక్ష చేయించమని అడగండి.

మందుల షాపు సంగతి చెప్పకుండా ఎలా. ఆరు మాత్రలు కావాలంటే స్ట్రిప్‌ని కత్తెరతో కత్తిరించి ఇస్తారు. పేరూ, గడువు తేదీ రెండో ముక్కతో షాపులోనే ఉండిపోతాయి. మన చేతికి వచ్చేది పేరు లేని మాత్ర. దాన్ని మందుల డబ్బాలో పడేసి, ఆర్నెల్ల తర్వాత "ఇది విరోచనాలకి ఇచ్చిందేమో" అని ఊహించి వేస్తాం. లీవోఫ్లాక్ససిన్ 'షెడ్యూల్ హెచ్ 1' మందు. 2014 మార్చి నుంచి ఆ జాబితాలోని మందులు అమ్మితే షాపువాళ్ళు డాక్టరు పేరూ, రోగి పేరూ వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మీ పేరు ఎప్పుడైనా ఎవరైనా అడిగారా? నన్ను ఒక్కసారి అడిగారు, అదీ చాలా పెద్ద షాపులో.

మిగిలిన మాత్రలు సింకులో పోసెయ్యడం కూడా నాకిష్టం లేదు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల నీళ్ళని శుద్ధి చేసి వదిలే చోట 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ దొరికింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఫ్యాక్టరీలని నేను ఆపలేను గానీ, నా సింకు నా చేతిలోనే ఉంది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మందుల షాపులో కవరు మీద ఎలాగూ పెన్నుతో గీస్తారు కదా, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని. ఆ పక్కనే 'పాలు, మజ్జిగ, కాల్షియంతో వద్దు' అని, దాని కింద 'మడమ నొప్పి వస్తే ఫోన్' అని రాయాలి. మా వీధి చివర షాపులో కుర్రాడు ఇప్పుడు రాస్తున్నాడు. మొదటిసారి అడిగినప్పుడు నవ్వాడు. రెండోసారి "ఆంటీ, ఇంకేం రాయాలి?" అన్నాడు. మూడోసారి నా వెనక నిల్చున్న ముసలాయన కవరు మీద కూడా రాశాడు, ఆయన అడక్కుండానే.