సాంచల సైగలు, సిరిసిల్ల తొవ్వ

శ్రావణం దగ్గరికొస్తే మన బస్తీల్లో రెండే ముచ్చట్లు. సేటు ఎన్ని రోజులు సెలవిస్తడు, ఊరికి టికెట్ దొరుకుతదా లేదా. రాఖీ పున్నం మన పద్మశాలి ఇండ్లల్ల జంధ్యం మార్చుకునే రోజు కూడా. భివండి పద్మానగర్ నుంచి, సోలాపూర్ నుంచి, ముంబై నుంచి అందరం ఒక్కసారే సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ దిక్కు మళ్లుతం. ఆ వారం బస్సు టికెట్ రేటు ఎంతకు పోతదో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అందుకే మన పిల్లలు కొందరు మోటారు సైకిళ్ల మీద పోతమని బయలుదేరుతున్నరు. "అన్నా, నువ్వు పోయొచ్చినవు కదా, తొవ్వ ఎట్లుంటది, వాన ఎట్లుంటది?" అని నన్ను అడుగుతున్నరు. అందరికీ కలిపి ఈ నెల ఇక్కడే చెప్తున్న.

పోయిన శ్రావణంల మేం నలుగురం, రెండు బండ్ల మీద పోయినం. నేనూ, వార్పిన్ పనిచేసే అన్నా ఒక బండి. రెండో బండి జాబర్ మామది. ఆయన వెనకాల కండెలు చుట్టే తమ్ముడు. మామకు 54 ఏండ్లు. 35 ఏండ్లు సాంచల నడుమ బతికినోడు. ఏ సాంచ ఎక్కడ పట్టుకుందో చెయ్యి పెట్టి చెప్తడు. చెవులు మాత్రం ఎప్పుడో పోయినయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. ఇంట్లో కొడుకు వద్దన్నడు. "బస్సుల పో నాయినా, లారీ హారన్ కొడితే నీకు వినపడతదా?" అన్నడు. మామ వినలేదు. దానికి కారణం ఉంది, తర్వాత చెప్తా.

కొడుకు అన్నదాంట్ల తప్పేం లేదు. అందుకే పోయే ముందు మేం నలుగురం కూసొని ఒక పద్ధతి పెట్టుకున్నం. కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. షెడ్డుల సాంచలు నడుస్తుంటే మనం ఎట్లాగూ సైగలతోనే మాట్లాడుకుంటం. అరచెయ్యి ఎత్తితే సాంచ ఆపు. రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడిస్తే పోగు తెగింది. పిడికిలి తిప్పితే కండె అయిపోయింది. బొటనవేలు నోటికాడికి పోతే చాయ్. ఇవే తొవ్వ మీదికి తీసుకపోయినం. అరచెయ్యి ఎత్తితే ఆగాలె. కత్తెర చూపిస్తే ఒక బండి వెనక పడ్డదని. పిడికిలి తిప్పితే పెట్రోలు. చాయ్‌కి మాత్రం మార్పు లేదు.

మామ వెనక కూసున్న తమ్ముడికి ఇంకో పని. వెనక నుంచి పెద్ద బండి వస్తుంటే మామ కుడి భుజం మీద ఒక దెబ్బ. ఆగాలంటే రెండు దెబ్బలు. మామ అద్దం చూస్తడు, తమ్ముడు వింటడు. ఇద్దరు కలిస్తే ఒక డ్రైవరు.

భివండి నుంచి సిరిసిల్లకు మేం పోయిన తొవ్వ దాదాపు 800 కిలోమీటర్లు. పొద్దున 4 గంటలకు బయలుదేరినం. ముంబై-పూణే ఎక్స్‌ప్రెస్‌వే మీదికి మోటారు సైకిళ్లను రానియ్యరు, అది గుర్తు పెట్టుకోండి. కళ్యాణ్, పన్వేల్ మీదుగా పాత రోడ్డే పట్టాలె. ఖోపోలీ దాటితే బోర్ ఘాట్. అక్కడి వాన మన బస్తీ వాన లెక్క ఉండదు. మొగులు కిందికి దిగి రోడ్డు మీదనే కూసుంటది. పది అడుగుల ముందు ఏమున్నదో కనపడదు. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పడుతది, మూస్తే చూపు ఆగుతది, తెరిస్తే వాన కండ్లల్ల కొడతది. కొంచెం సందు ఉంచి నడిపినం. ఘాటు ఎక్కేటప్పుడు గాని దిగేటప్పుడు గాని ఒకే గేరుల మెల్లగ పోవాలె. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగ పట్టొద్దు, రెండూ కలిపి మెత్తగ పట్టాలె. రోడ్డు మీద తెల్ల గీతలు తడిస్తే సబ్బు లెక్క జారుతయి. మలుపుల్ల వాటి మీదికి చక్రం పోనియ్యొద్దు.

ఘాటుల షింగ్రోబా గుడి కాడ ఆగినం. ఇంగ్లీషోళ్లకు ఈ కొండల్లో దారి చూపిన గొర్ల కాపరి అని అక్కడ చెప్తరు. లారీ డ్రైవర్లు మొక్కకుండ పోరు. మేమూ చెయ్యెత్తి మొక్కి ముందుకు పోయినం.

లోనావాలాలో ఏడాదికి 4000 మిల్లీమీటర్లకు పైన వాన పడుతది. సోలాపూర్‌ల అందులో ఐదో వంతు కూడా పడదు. అరేబియా సముద్రం మీది నుంచి వచ్చిన మొగులును కొండలు అక్కడనే ఆపి పిండేస్తయి, ఇవతలికి వచ్చేది ఖాళీ గాలి. ఇది బడి పుస్తకంల చదివినం గాని బండి మీద పోతే ఒక్క పూటల ఒంటికే తెలుస్తది. పూణే కాడ తుంపర. భిగ్వన్ దాటినంక ఉజ్జని జలాశయం మీది నుంచి ఈదురు గాలి. ఇందాపూర్ చెరుకు తోటల కాడికి వచ్చేసరికి ఎండ పొడ. టెంభుర్ణి దాటినంక రెయిన్‌కోట్ లోపల చెమట. పొద్దున వణికిన మనుషులమే పగటి పూట చెట్టు నీడ వెతుక్కున్నం. ఆ నెలల్ల గాలి పడమటి నుంచి కొడతది కాబట్టి తూర్పుకు పోయేటోళ్లకు వెనక నుంచి సాయం ఉంటది. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు. పెట్రోలు ఎక్కువ తాగుతది, లెక్కల పెట్టుకోండి.

సాయంత్రం 6 గంటలకు సోలాపూర్ చేరినం. చుట్టాల ఇంట్ల పన్నం. అక్కడ పున్నం నాడు మార్కండేయ స్వామి రథం తీస్తరు. మేం పోయిన రోజు వీధుల్ల పందిళ్లు వేస్తున్నరు. "ఉండి చూసి పోండ్రి" అన్నరు. మామ తల అడ్డం ఊపిండు. పొద్దున మామ బండి చైను చూస్తే ఘాటు వానకు గ్రీజంత కడుక్కపోయి సాగింది. మార్పిచ్చి, పగటి అన్నం తిని బయట పడేసరికి ఒంటిగంట. వానల ఎక్కువ దూరం పోతే ప్రతి రాత్రి చైనుకు నూనె పెట్టాలె, ఇది రాసి పెట్టుకోండి.

సోలాపూర్ నుంచి 65 నంబరు జాతీయ రహదారి. ఇదివరకు 9 నంబరు అనేటోళ్లం. నల్దుర్గ్, ఉమర్గా, తర్వాత కర్ణాటకల హుమ్నాబాద్, అటెన్క జహీరాబాద్ కాడ తెలంగాణ. నల్దుర్గ్ దాక ఎండనే. ఉమర్గా దగ్గర తూర్పున మొగులు నల్లగ లేసింది. అది నల్లరేగడి నేల. ట్రాక్టర్లు చేన్ల నుంచి రోడ్డు ఎక్కిన కాడ మట్టి అంటుకుంటది. మొదటి చినుకులు పడంగనే అది జారుడు బండ అవుతది. దుమ్ము, ఇంజిన్ నూనె పైకి తేలే ఆ మొదటి పది, ఇరవై నిమిషాలే అన్నిటికన్న ప్రమాదం. ఎంత తొందర ఉన్నా ఆ కాసేపు ఆగి చాయ్ తాగండి. ఒక వాన గట్టిగ కొట్టి కడిగితే రోడ్డే నయమైతది.

హుమ్నాబాద్ కాడికి వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర దాటింది. వాన, ఉరుములు, మెరుపులు. మెరుపుకూ ఉరుముకూ నడుమ ఊపిరి తీసుకునే సందు కూడా లేదు. ఒక పక్కా దాబాల నిలబడ్డం. చెట్టు కిందికి మాత్రం పోలేదు. పిడుగుకు చెట్టే మొదటి ఇల్లు. ఆఖరి ఉరుము వినపడ్డంక కూడా అరగంట ఆగాలంటరు.

అక్కడ మా నడుమ మాట వచ్చింది. తెల్లారితే రాఖీ. సిరిసిల్ల ఇంకా 250 కిలోమీటర్లు. వార్పిన్ అన్న "వాన తగ్గితే పోదాం, రాత్రి ఒంటిగంటకన్న చేరుతం" అన్నడు. నేను ఉందామన్న. తమ్ముడు మామ మొహం దిక్కు చూస్తున్నడు. చీకట్ల, వానల, ఎదురు లైట్లల్ల అద్దం పనిచెయ్యదు. హెల్మెట్ మీద వాన సప్పుడుకు తమ్ముడికి కూడా వెనక బండి వినపడదు. అంటే మామకు ఉన్న రెండు సాయాలూ పోతయి. గాని ఆ మాట ఆయనతో ఎవరంటరు? ఆయన కోసమే కదా అందరం బయలుదేరింది.

ఇక్కడ ఆ కారణం చెప్పాలె. మామకు సిరిసిల్లల ఒక అక్క. బీడీలు చేస్తది. మోకాళ్లు పట్టుకుపోయి మూడేండ్ల నుంచి ఆమె భివండికి రావట్లేదు, రాఖీ పోస్టుల పంపుతది. ఫోను చేస్తది. మామ ఫోను చెవి కాడ పెట్టుకొని "ఆ... ఆ... మంచిగనే ఉన్న" అంటడు. ఆమె ఏమన్నదో ఒక్క ముక్క వినపడదు. సాంచల సప్పుడు ముందు తినేది సన్నటి గొంతులనే. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు. మగోళ్ల మొద్దు గొంతు కొంచెం అందుతది, అక్క గొంతు అందదు. ఆ ఏడు ఫోన్ల ఆమె ఏడ్చిందట. ఎందుకో మామకు తెలియలేదు. కోడలు పక్కన లేదు చెప్పడానికి. "పోయి మొహం చూసి మాట్లాడాలె" అని అప్పుడే పట్టు పట్టిండు. బస్సు, రైలు ఏదీ దొరకలేదు.

దాబాల మా ముగ్గురి మొహాలు చూసి మామ అరచెయ్యి ఎత్తిండు. సాంచ ఆపు. అంతే. "పోగు తెగినంక సాంచ నడిపిస్తే ఏమైతది అల్లుడా? బట్టంత ఖరాబైతది. రాఖీ పున్నం పొద్దుగూకేదాక ఉంటది" అన్నడు. హుమ్నాబాద్‌ల చిన్న లాడ్జి చూసుకొని పన్నం. బట్టలు ఫ్యాను కింద ఆరేసినం. తెల్లారి 5 గంటలకు లేస్తే ఆకాశం కడిగిన పళ్లెం లెక్క ఉంది.

జహీరాబాద్, సంగారెడ్డి దాక తొవ్వ సాఫుగ పోయింది. అక్కడి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్ మీదుగ సిద్దిపేట. హైదరాబాద్ లోపలికి పోనక్కరలేదు. చెరువులు నిండి ఉన్నయి, నాట్లు పడ్డయి, సన్నగ ముసురు. అదే మన ఊరి వాన, తడిసినా కోపం రాదు. ఒంటిగంటకు సిరిసిల్ల చేరినం.

అక్క గడపలనే కూసొని ఉంది. రాఖీ కట్టింది, మిఠాయి నోట్ల పెట్టింది. మాట్లాడబోతే మామ చెవి మీద చెయ్యి పెట్టి చూపిండు. ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత చేతులతో మొదలు పెట్టింది. చిన్నప్పుడు ఆమె కూడా సాంచల కాడ కండెలు చుట్టిందట, మాకు తెలియదు. సైగలన్నీ గుర్తున్నయి. కొన్ని మాటలకు సైగలు లేక మధ్యల ఆగినా, పెదవులు చూసి మామ అందుకున్నడు. ఇల్లు అమ్మాలని చిన్న తమ్ముడు అంటున్నడని, ఆమె ఎక్కడికి పోవాలో తెలియక ఏడ్చిందని ఆ గంటల తేలింది. పెద్దోళ్లను కూసోబెట్టి మామ ఆ మాట ఆపించి వచ్చిండు. ఫోను మీద ఎన్నేండ్లైనా తేలేది కాదు.

ఇప్పుడు ఈ ఏడు పోయేటోళ్లకు నేను చెప్పేవి. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం ప్లాస్టిక్ కవర్ల పెట్టుకోండి. వెనక కూసున్నోళ్లకు కూడ హెల్మెట్ ఉండాలె. రోడ్డు మీది నుంచి నీళ్లు పారుతుంటే ఎంత తక్కువ కనిపించినా దిగొద్దు. బండిని ఊళ్లెనే ఉంచి వస్తమంటే, ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంల 12 నెలలకు మించి ఉంటే నంబరు మార్పించుకోవాలె. అందరికన్న మెల్లగ పోయేటోని బండి వేగమే మీ అందరి వేగం. ఎవరు చెయ్యెత్తినా ఆగాలె, ఎందుకని తర్వాత అడగాలె.

ఇంకొకటి, తొవ్వకన్న పెద్దది. ఫ్యాక్టరీల నిబంధనల ప్రకారం 8 గంటల పనికి సప్పుడు 90 డెసిబెల్స్ దాటొద్దు. మనం 12 గంటలు నిలబడుతున్నం. చిన్న షెడ్లయితే ఫ్యాక్టరీ లెక్కలకే రావు. సప్పుడుతో వచ్చే చెవుడు చట్టంల రాసిన వృత్తి రోగమే, మన ఖర్మ అని ఊకునేది కాదు. ఒకసారి పోయిన చెవి మందులతో తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవచ్చు. చెవుల్ల దూది పెడితే పెద్దగ ఆగదు. ఫోమ్ ప్లగ్గులు, లేకుంటే చెవుల మీది మఫ్‌లు వాడండి. ఈఎస్‌ఐ కార్డున్నోళ్లు అక్కడ, లేనోళ్లు సర్కారు దవాఖానల చెవి పరీక్ష చేయించుకోండి. ఇంట్ల పిల్లల మాట రెండోసారి అడుగుతున్నరంటే, టీవీ సప్పుడు పెంచుతున్నరంటే అప్పుడే పోవాలె. మామ ఇప్పుడు పోయిండు. మిషను పెడితే కొంత వినపడతదని డాక్టరు అన్నడట, పైసలు జమ చేస్తున్నడు.

మీ షెడ్డుల సైగలు మా సైగలకు వేరేగ ఉంటే రాసి పంపండి. వచ్చే నెల వాటినే అచ్చు వేద్దాం. మనతో పాటు పోకుండ పిల్లలకు కూడ తెలవాలె. తొవ్వ మీద పైలం.