లెక్కకు ఎక్కని పరుగు

ఒక విద్యార్థిని సంవత్సరమంతా కష్టపడి చదివి, పరీక్ష చక్కగా వ్రాసి, తరగతిలో అందరికన్నా మంచి జవాబులు ఇచ్చినదని అనుకొందాం. తీరా చూస్తే ఆ జవాబు పత్రంపై పర్యవేక్షకుని సంతకం లేదు. పత్రం చెల్లదన్నారు, మార్కులు వేయలేదు. వ్రాయవలసిన పిల్ల వ్రాసినది. చూడవలసిన పెద్దలు చూడలేదు. అయినప్పటికీ నష్టపోయినది ఆ పిల్లయే. ఇటువంటిది చదువులో జరిగితే మనమందరం గగ్గోలు పెట్టుదుము. ఆటలలో జరిగినప్పుడు మాత్రం ఎవరి చెవికీ సోకదు.

ఇది కేవలం ఊహ కాదు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్ పోటీలు జరిగినవి. విశాఖపట్నానికి చెందిన కుమారి యర్రాజి జ్యోతి అక్కడ వంద మీటర్ల హర్డిల్స్ పరుగును 13.03 సెకన్లలో ముగించినది. అప్పటికి ఆ అంశంలో జాతీయ రికార్డు 13.38 సెకన్లు, ఒడిశా క్రీడాకారిణి అనూరాధా బిస్వాల్ 2002లో నెలకొల్పినది. ఇరవై ఏళ్ల ప్రాయమైన తెలుగు విద్యార్థిని దానిని సెకనులో మూడవ వంతుకు పైగా దాటిపోయినది. కాని ఆ కాలం రికార్డుల పుస్తకానికి ఎక్కలేదు. ఆ పోటీలో ఆమెకు నిబంధనల ప్రకారం జరగవలసిన డోపింగ్ పరీక్ష జరగలేదు. జాతీయ అథ్లెటిక్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి ఆ మైదానంలో లేరు.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్ పోటీలలో ఆమె 13.09 సెకన్లలో పరుగెత్తినది. ఈసారి గాలి అడ్డు వచ్చినది. వెనుకనుండి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లకు మించితే ఆ కాలం రికార్డుకు చెల్లదు. ఆనాటి గాలి 2.1 మీటర్లు. చివరకు 2022 మే 10వ తేదీన సైప్రస్ దేశంలోని లిమసోల్ నగరంలో 13.23 సెకన్లతో ఆమె జాతీయ రికార్డు నెలకొల్పినది. ఈ అంకెలను పాఠకులు మరొకసారి చూడవలెనని మా మనవి. పుస్తకానికి ఎక్కిన పరుగు, అంతకుముందు ఎక్కని రెండు పరుగులకన్నా నెమ్మదైనది!

కోజికోడ్ గాలికి ఎవరినీ నిందించలేము, నియమం నియమమే. మూడబిదిరె సంగతి వేరు. పరుగెత్తేవారి పని పరుగెత్తడం. ఆ పరుగు చెల్లునట్లు కొలిచి, పరీక్షించి, వ్రాసి ఉంచడం సంస్థల పని. క్రీడాకారుల కీర్తి వారి కాళ్లమీదనే కాక, మన ఏర్పాట్లమీద కూడా నిలబడి ఉన్నదని ఈ ఒక్క ఉదంతం చెప్పుచున్నది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినదీ అదియే.

ఈ పరుగు ఎటువంటిదో తెలియనివారి కొరకు కొంత వివరించుట అవసరం. మహిళల వంద మీటర్ల పరుగులో పది హర్డిళ్లు ఉంటవి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిది పరుగు మొదలైన చోటినుండి 13 మీటర్ల దూరంలోను, తరువాతివి 8.5 మీటర్లకొకటి చొప్పునను ఉంటవి. చివరి హర్డిల్ దాటిన పిమ్మట గమ్యానికి 10.5 మీటర్లు మిగులును. రెండు హర్డిళ్ల మధ్య మూడే అడుగులు. ఒక అడుగు పొట్టిదైతే తరువాతి హర్డిల్ కాలికి తగులును. హర్డిల్ పడిపోయినంత మాత్రాన ఓడినట్లు కాదు.  తగిలినా ఆగకుండా సాగిపోవడమే ఈ విద్యలోని సారం.

జ్యోతి ఇంటి పరిస్థితి మన ప్రాంతపు విద్యార్థులకు వింతగా తోచదు. తండ్రి ప్రైవేటు కాపలా ఉద్యోగి. తల్లి ఇళ్లలోను, ఆసుపత్రిలోను శుభ్రపరిచే పనిచేసి సంసారం గడిపినది. బడిలో వ్యాయామోపాధ్యాయుడు పిల్ల పొడవును, కాలి విసురును గమనించి హర్డిల్స్‌కు పనికివచ్చునని గుర్తించినారు. 2016లో ఆమె హైదరాబాదు వచ్చి, భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో నాగపురి రమేశ్ గారివద్ద శిక్షణ పొందినది. తరువాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ అను ఆంగ్లేయుడు ఆమె పరుగును తీర్చిదిద్దినారు. 2022 అక్టోబరులో బెంగుళూరులో 12.82 సెకన్లతో, చెల్లుబాటయ్యే గాలిలో 13 సెకన్లలోపు ఈ దూరాన్ని దాటిన తొలి భారతీయ మహిళ అయినది. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డు నగరంలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకన్లతో కాంస్యం గెలిచినది.

13.38 నుండి 12.78కి, అనగా 0.60 సెకను. మాటకు రెప్పపాటు. మైదానంలో కొలిచి చూస్తే సుమారు నాలుగున్నర మీటర్లు. రెండు హర్డిళ్ల మధ్య దూరంలో సగానికి పైగా. ఇరవై సంవత్సరాలు కదలని గీతను ఒక పేదింటి పిల్ల పదిహేను నెలలలో అంత దూరం జరిపినది.

ఆమెకు గౌరవం దక్కలేదా అని అడుగువారు ఉందురు. 2024 సంవత్సరపు అర్జున పురస్కారం దక్కినది. పత్రికలలో పటములు పడినవి. కాని గౌరవం వేరు, గుర్తింపు వేరు. 2023 జులైలో బ్యాంకాక్ ఆసియా అథ్లెటిక్ పోటీలలో ఈ అంశంలో స్వర్ణం గెలిచిన తొలి భారతీయురాలు ఆమెయే. 2025 మే 29న దక్షిణ కొరియాలోని గుమి నగరంలో 12.96 సెకన్లతో, ఆ పోటీల చరిత్రలోనే కొత్త రికార్డుతో, ఆ స్వర్ణాన్ని నిలుపుకొన్నది. ఆ దినం వాన కురిసి పోటీలు ఆలస్యమైనవి. గ్యాలరీలు దాదాపు ఖాళీ. ఖాళీ కుర్చీల ఎదుట జాతీయగీతం వినుచు ఆమె కన్నీరు పెట్టుకొన్నది. ఒక క్రికెట్ ఆటగాని మోకాలి నొప్పి మన టీ కొట్లలో వారం దినాలు చర్చకు వచ్చును. ఆసియా ఖండంలో రెండుమార్లు ప్రథమురాలైన తెలుగు పిల్ల పేరు ఎందరు విద్యార్థులు చెప్పగలరు? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనకు కొత్త కాదు.

మరికొందరు ఒలింపిక్ పతకం ఏదీ అందురు. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో వంద మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొన్న తొలి భారతీయురాలుగా ఆమె నిలిచినది. మొదటి పరుగులో 13.16, రెండవ అవకాశంలో 13.17 సెకన్లు మాత్రమే రాగా ముందుకు పోలేకపోయినది. 2025లో శిక్షణ సమయాన మోకాలికి పెద్ద గాయమై, ఆ సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్లలేకపోయినది. ఇవి దాచవలసిన విషయాలు కావు. కాని పతకంతోనే మనిషిని తూచువారు, ఆమె నడచివచ్చిన దూరాన్ని తూచుట మరచిపోవుచున్నారు.

2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో జరిగినది విద్యార్థులందరూ తెలుసుకొనదగినది. తుదిపోటీలో ప్రక్క వరుసలోని చైనా క్రీడాకారిణి తుపాకి మ్రోగకముందే కదిలినది. జ్యోతి కూడ తప్పు చేసినదని ఆమెను తప్పించబోయినారు. పరాయి దేశం, నిండు సభ వంటి స్టేడియం, వేలమంది ప్రేక్షకులు. ఆమె తలవంచి వెళ్లిపోలేదు. కోపంతో రభస చేయనూలేదు. నిలబడి, నియమం ప్రకారం తన మాట చెప్పినది. అధికారులు దృశ్యాలను పరిశీలించి, తీర్పును వాయిదా వేసి ఇద్దరినీ పరుగెత్తనిచ్చినారు. అంత అలజడిలోను ఆమె 12.91 సెకన్లలో మూడవదిగా వచ్చినది. తరువాత చైనా క్రీడాకారిణిని అనర్హురాలిగా ప్రకటించగా జ్యోతికి రజతం లభించినది. నియమం తెలిసినవానికే తన హక్కు అడుగుటకు నోరు వచ్చును. ఇది న్యాయశాస్త్ర పుస్తకంలో కూడ ఇంత చక్కగా దొరకని పాఠమని మా అభిప్రాయం.

ఇక వారసత్వం సంగతి. విజేత వెనుక మిగిలేది పతకం కాదు; తరువాత వచ్చువారికి ఏర్పడిన దారి. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌ను మొదటిసారి ప్రవేశపెట్టినారు. మన పి.టి. ఉష సెకనులో నూరవ వంతు తేడాతో కాంస్యం కోల్పోయిన పరుగు అదియే. ఆ పరుగును 54.61 సెకన్లలో గెలిచినది మొరాకో దేశపు నవాల్ అల్ ముతవక్కిల్. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన తొలి అరబ్బు మహిళ. ఆమె ఆ స్వర్ణంతో ఊరకుండలేదు. 1993లో కాసాబ్లాంకా నగరంలో మహిళల కొరకే ఒక పరుగు పోటీని ప్రారంభించినది. తరువాత తన దేశంలో క్రీడల మంత్రిణి అయినది. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘానికి ఉపాధ్యక్షురాలైనది. తన పరుగు ముగిసిన చోట ఇతరుల పరుగుకు గీత గీసినది. మన కళాశాల ఆడపిల్లలకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ వెదుకనక్కరలేదు.

తెలంగాణలోను అట్టి దారి ఉన్నది. అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన బాలిక. ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో 2023 ఆసియా క్రీడలలో కాంస్యం, 2025లో గుమిలో స్వర్ణం గెలిచినది. ఆ ఏడింటిలో మొదటి అంశం వంద మీటర్ల హర్డిల్స్. ఒక ప్రభుత్వ విద్యాసంస్థ మైదానాన్ని, శిక్షకుని, పూటకు తగిన తిండిని సమకూర్చితే ఏమగునో ఆమె చూపినది.

కృష్ణకు చేరువలో, జూరాల ప్రాజెక్టుకు దగ్గరగా ఉన్న మన ఆత్మకూర్‌లో అటువంటి కాళ్లు లేవని ఎవరు చెప్పగలరు? పాలమూరు పిల్లలకు నడక, పరుగు, బరువు క్రొత్తవి కావు. లేనిది కొలిచి చూచువారు. మన వంటి కళాశాలలలో క్రీడోత్సవమనగానే బాలురకు కబడ్డీ, వాలీబాల్; బాలికలకు మ్యూజికల్ చైర్స్, నిమ్మకాయ చెంచా. బహుమతి ప్రదానం ఘనంగా జరుగును. పటం క్రింద బహుమతి ఇచ్చిన పెద్దల పేర్లన్నీ వరుసగా ఉండును. పరుగెత్తిన పిల్ల ఎన్ని సెకన్లలో పరుగెత్తినదో మాత్రం ఎక్కడా ఉండదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. మైదానంలో వంద మీటర్ల దూరాన్ని టేపుతో సరిగా కొలిచి, రెండు చివరల కదలని రాళ్లు పాతించవలెను. సున్నపు గీతలు వానకు పోయినను రాళ్లు నిలుచును. ఊరి వడ్రంగిచేత ఎత్తు మార్చుటకు వీలైన హర్డిళ్లు చేయించవలెను. పది కాకున్నను ఐదు చాలును. వాటి అడుగు కాళ్లు పరుగెత్తి వచ్చేవారి వైపునకే ఉండవలెను. అప్పుడే కాలు తగిలినంతనే అవతలికి ఒరిగి, దెబ్బ తగలకుండును. రెండు బండల నడుమ వెదురు బిగించినచో ప్రమాదం. మొదట మోకాలి ఎత్తుతో ప్రారంభించి క్రమంగా పెంచవలెను. గడియారాలు మూడైతే మేలు. మూడూ వేర్వేరుగా చూపితే మధ్య కాలాన్ని తీసుకొందురు. తేదీ, పేరు, తరగతి, దూరం, కాలం, గడియారం పట్టినవారి సంతకం, వీటితో ఒక రిజిస్టరు ఉండవలెను. ఉర్దూ విభాగమైనను, తెలుగు విభాగమైనను అంకెకు భాషాభేదం లేదు.

ఖర్చు అధికమని కొందరు అనవచ్చును. ఒక్క వార్షికోత్సవపు షామియానా, మైకుల అద్దెతో పోల్చి చూడవలెనని మాత్రమే మేము కోరుదుము. చదువుకొంటే నవాబు అగుదువు, ఆడుకొంటే చెడిపోదువు అను సామెత ఉర్దూ ఇండ్లలో వినబడును. ఆటలు అన్నం పెట్టునా అను ప్రశ్న తెలుగు ఇండ్లలో వినబడును. రెండింటికీ జవాబు తర్కంతో కాదు, ఉదయం ఒక గంట మైదానంతో చెప్పవలెను. ఆడపిల్లల దుస్తుల విషయంలో ఎవరి మర్యాద వారిది. ఒంటినిండ బట్ట కట్టుకొని కూడ పరుగెత్తవచ్చును. పిల్లలను గీత దగ్గరకు రానిచ్చిన పిమ్మట మిగిలిన సందేహాలు వాటంతటవే తీరును.

విద్యార్థినీ విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. గెలిచినవారి పటములు గోడకు అంటించుట సులభం. గెలవబోవువారికి గడియారం పట్టుట కష్టం. దానికి ఓపిక కావలెను, పేరు రాదు. కాని ఆ పని చేయువాడు లేనిచోట 13.03 సెకన్ల పరుగు కూడ గాలిలో కలిసిపోవును. వచ్చే సంవత్సరపు సంచికలో బహుమతుల జాబితాతోపాటు ప్రతి పరుగుకు పట్టిన కాలమును, ప్రతి దుముకు దూరమును అచ్చు వేయవలెనని సంపాదక వర్గాన్ని కోరుచున్నాము. మొదటి సంవత్సరం ఆ అంకెలు చిన్నవే కావచ్చును. వాటిని దాటుటకు రెండవ సంవత్సరం ఒక పిల్ల తప్పక వచ్చును.