మంచు మీద ఆరుగురే... ఎవర్ని దింపుదాం?

క్రికెట్‌లో ఆల్‌టైమ్ ఎలెవన్ ఎంచమంటే చాలు, మనవాళ్లు కంచంలో కూర చల్లారిపోయినా లేవరు. గవాస్కరా, సెహ్వాగా? కపిల్‌కి తోడు ఎవరు? ధోనీకి కెప్టెన్సీ ఇవ్వాలా వద్దా? తెల్లారినా తేలదు, ఎవరి జట్టు వాళ్లదే. ఈ వారం ఇదే తగువుని మంచు మీదకి తీసుకెళ్దాం.

జట్టు పేరు మాంట్రియల్ కెనడియెన్స్. ఊరు కెనడాలో, ఫ్రెంచి మాట్లాడే క్విబెక్ రాష్ట్రంలో. ఐస్ హాకీలో పాత జమీందారీ లాంటి జట్టు ఇది. పుట్టింది 1909లో. ఇప్పుడు అది ఆడుతున్న నేషనల్ హాకీ లీగ్ మొదలైందే 1917లో. అంటే లీగ్ కంటే జట్టే ఎనిమిదేళ్లు పెద్దది! 1993 నాటికి గెలిచిన స్టాన్లీ కప్పులు 24. ఇలాంటి జట్టులో గొప్పవాళ్లని ఎంచడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మంచు మీద ఒక్కో జట్టుకి ఆరుగురు ఉంటారు. ఒక గోలీ, ఇద్దరు డిఫెన్స్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. బంతి బదులు నల్లటి రబ్బరు బిళ్ల, దాన్ని పక్ అంటారు. గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు, ఆ గోల్‌కి పాస్ అందించినవాడికీ ఒక పాయింటు. పాస్ లెక్కని అసిస్ట్ అంటారు. అంతే, ఇక మనం సెలెక్టర్లం. మనకి కావల్సింది ఆరుగురే.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇలాంటి తగువు వస్తే నా చెయ్యి ముందు ఎక్సెల్ షీట్ మీదకే పోతుంది. ఆటగాళ్ల పేర్లు, లీగ్ మ్యాచ్‌ల అంకెలు వరసగా పెట్టి సార్ట్ కొడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కొట్టి చూద్దాం.

గోల్స్ ప్రకారం సార్ట్ చేస్తే మొదటి పేరు మారిస్ రిషార్, 544 గోల్స్. పాయింట్ల ప్రకారం చేస్తే గీ లాఫ్లూర్, 1,246. కప్పుల ప్రకారం చేస్తే మారిస్ తమ్ముడు అన్రీ రిషార్, 11. లీగ్ చరిత్రలో ఏ ఆటగాడికీ అన్ని కప్పులు లేవు. గోలీల గెలుపుల ప్రకారం చేస్తే కేరీ ప్రైస్, 361. నాలుగు క్లిక్కులకి నలుగురు మొనగాళ్లు!

పైగా అంకెలన్నీ ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. అన్రీ రిషార్ ఆడిన కాలంలో 1967 దాకా లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. ప్లేఆఫ్స్‌లో రెండు సిరీస్‌లు గెలిస్తే కప్పు చేతికొచ్చేది. కేరీ ప్రైస్ ఆడేటప్పుడు జట్లు 30 దాటాయి, నాలుగు సిరీస్‌లు గెలవాలి. 2015లో లీగ్ మొత్తానికీ అత్యుత్తమ ఆటగాడిగా అవార్డు అందుకున్న ప్రైస్‌కి కప్పు మాత్రం ఒక్కటీ రాలేదు. ఇద్దర్నీ కప్పులతో కొలిస్తే ప్రైస్‌కి అన్యాయం, గెలుపులతో కొలిస్తే పాతవాళ్లకి అన్యాయం. ఏ సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడారన్నదీ మారుతూ వచ్చింది. 50, 70, 80... ఇలా.

అందుకే నేను ఇంకో పద్ధతి వాడతాను. ఆఫీసులో పాత కోడ్ ముక్క ఏదైనా తీసెయ్యాలంటే ముందు ఒక ప్రశ్న అడుగుతాం. ఇది తీసేస్తే ఏం ఆగిపోతుంది? కొన్ని ముక్కలు చూడ్డానికి భారీగా ఉంటాయి, తీసేసినా ఏమీ కాదు. కొన్ని నాలుగు లైన్లే ఉంటాయి, ముట్టుకుంటే మొత్తం పడిపోతుంది. ఆటగాళ్లకీ ఇదే ప్రశ్న వేద్దాం. ఈ మనిషిని కథలోంచి తీసేస్తే ఏం కూలుతుంది?

ముందు ఫార్వర్డ్‌లు.

మారిస్ రిషార్. అభిమానులు పెట్టుకున్న పేరు రాకెట్. 1944-45లో 50 మ్యాచ్‌ల్లో 50 గోల్స్ కొట్టాడు. అంతకుముందు ఎవరూ కొట్టనిది. యుద్ధకాలం, మంచి ఆటగాళ్లు చాలామంది సైన్యంలో ఉన్నారు, అందుకే కొట్టగలిగాడు అన్నవాళ్లూ ఉన్నారు. యుద్ధం అయిపోయాక కూడా 1960 దాకా కొడుతూనే ఉన్నాడు కాబట్టి ఆ మాట నిలబడలేదు. కానీ రిషార్‌ని తీసేస్తే పోయేది గోల్స్ మాత్రమే కాదు. 1955 మార్చిలో బోస్టన్‌లో జరిగిన గొడవలో లైన్స్‌మన్‌ని కొట్టాడని లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ అతన్ని ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లన్నిటికీ, ప్లేఆఫ్స్‌కీ కూడా బహిష్కరించాడు. మార్చి 17న అదే క్యాంప్‌బెల్ మాంట్రియల్‌లో మ్యాచ్ చూడ్డానికి వచ్చి కూర్చున్నాడు. స్టేడియంలో బాష్పవాయువు పేలింది, మ్యాచ్ ఆగింది, జనం వీధుల్లోకి వచ్చి అద్దాలు పగలగొట్టారు. మర్నాడు రిషారే మైకు ముందుకొచ్చి శాంతించమని చెప్పాల్సి వచ్చింది.

హీరో సినిమా ఆగిపోతే అభిమానులు చేసే గోల లాంటిదే కదా అనుకుంటే సగమే అర్థమైనట్టు. అప్పట్లో ఆ ఊళ్లో పెద్ద కంపెనీల యజమానులు ఎక్కువగా ఇంగ్లిషువాళ్లు, కింద పనిచేసేవాళ్లు ఫ్రెంచివాళ్లు. తమవాడిని ఒక ఇంగ్లిషు పెద్దమనిషి శిక్షించాడన్న కోపం అది. తర్వాతి దశాబ్దంలో క్విబెక్‌లో వచ్చిన పెద్ద మార్పుకి ఆ రాత్రి ఒక సూచన అని చాలామంది చరిత్రకారులు రాశారు. భాష పేరు చెబితే జనం ఎందుకు కదులుతారో మన తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ బహిష్కరణ వల్ల రిషార్ ఆ ఏడు పాయింట్లలో మొదటి స్థానం ఒక్క పాయింటుతో పోగొట్టుకున్నాడు. దాన్ని గెలిచింది సొంత జట్టువాడే, జెఫ్రియాన్. పాపం, సొంత ఊరి ప్రేక్షకులే అతన్ని వెక్కిరించారు. రిషార్‌కి ఆ స్థానం జీవితంలో ఎప్పుడూ దక్కలేదు. అంకెల్లో దొరకని మనిషి అంటే ఇతనే.

రెండోవాడు జాన్ బెలివో. పైన మనం సార్ట్ చేసిన ఏ వరసలోనూ ఇతని పేరు మొదట రాలేదు, గమనించారా? ఆటగాడిగా 10 కప్పులు, 507 గోల్స్, కెప్టెన్‌గా పదేళ్లు. క్విబెక్ నగరంలో ఆడుకుంటూ హాయిగా ఉన్న బెలివోని మాంట్రియల్‌కి రప్పించడం కోసం 1953లో కెనడియెన్స్ అతను ఆడుతున్న లీగ్‌నే తమ చేతుల్లోకి తీసుకుని ప్రొఫెషనల్ లీగ్‌గా మార్చేసింది. ఒక్క ఆటగాడి కోసం లీగ్‌నే కొనడం అంటే మాటలా? 1955 నవంబరులో బోస్టన్ మీద ఒకే పెనాల్టీ సమయంలో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. అప్పటి రూల్ ప్రకారం చిన్న తప్పు చేసినవాడు ఎన్ని గోల్స్ పడినా రెండు నిమిషాలూ బయట కూర్చోవాల్సిందే. తర్వాతి ఏడాది లీగ్ ఆ రూల్‌నే మార్చింది. ఒక్క గోల్ పడగానే అతను లోపలికి రావచ్చు అంది. 1994లో కెనడా గవర్నర్ జనరల్ పదవి ఇస్తామంటే, తండ్రి లేని మనవరాళ్ల దగ్గర ఉండాలని వద్దన్నాడు. ఇతన్ని తీసేస్తే ఆ జట్టు పెద్దరికమే పోతుంది.

మూడో చోటు దగ్గరే గొడవ. అన్రీ రిషారా? 1920, 30ల్లో మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడైన హౌయీ మోరెంజా? లేక లాఫ్లూరా? నా ఓటు లాఫ్లూర్‌కే. మొదటి మూడు సీజన్లు 30 గోల్స్ దాటలేదు. తర్వాత వరసగా ఆరు సీజన్లు 50కి తక్కువ కొట్టలేదు. 1979 సెమీఫైనల్ ఏడో మ్యాచ్‌లో బోస్టన్ 4-3తో ముందుంది, రెండు నిమిషాల పైచిలుకే మిగిలింది. ఆ టైములో బోస్టన్‌వాళ్లు లెక్క తప్పి ఎక్కువమందిని మంచు మీదకి దింపి పెనాల్టీ తెచ్చుకున్నారు. లాఫ్లూర్ దూరం నుంచి ఒక్క దెబ్బతో సమం చేశాడు. అదనపు సమయంలో మాంట్రియల్ గెలిచింది, తర్వాత వరసగా నాలుగో కప్పూ ఎత్తింది. ఆ షాట్‌ని తీసెయ్యండి, నాలుగో కప్పు లేదు.

గోలీ విషయంలో నాకు నిద్ర పట్టదు. కెన్ డ్రైడెన్ ఎనిమిది సీజన్లలో ఆరు కప్పులు గెలిచాడు. లీగ్ మ్యాచ్‌ల్లో ఓడినవి 57 మాత్రమే. మధ్యలో ఒక సీజన్ ఆట మానేసి లా ఆఫీసులో పనిచేశాడు, తర్వాత కేంద్ర మంత్రి కూడా అయ్యాడు! ప్యాట్రిక్ రువాని తీసేస్తే 1986, 1993 కప్పులు రెండూ పోతాయి. 1993 ప్లేఆఫ్స్‌లో అదనపు సమయానికి వెళ్లిన మ్యాచ్‌లు వరసగా 10 గెలిపించాడు.

అయినా నేను జాక్ ప్లాంట్‌నే దింపుతాను. 1956 నుంచి 1960 దాకా వరసగా ఐదు కప్పులు గెలిచిన జట్టుకి గోలీ అతనే. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ ముఖానికి తగిలి రక్తం కారింది. కుట్లు వేయించుకుని, మాస్కు లేకుండా మళ్లీ దిగనని తేల్చి చెప్పాడు. కోచ్ టో బ్లేక్‌కి మాస్కంటే గిట్టదు, ప్రాక్టీసులో తప్ప పెట్టుకోనిచ్చేవాడు కాదు. కానీ ఇంకో గోలీ సిద్ధంగా లేడు, ఒప్పుకోక తప్పలేదు. ఆ మ్యాచ్ 3-1తో గెలిచారు. అంతకుముందు ఒకరు కొన్నాళ్లు తోలు మాస్కు వాడినా, అది అలవాటుగా మారింది ప్లాంట్‌తోనే. అతను కాకపోతే ఇంకొకరు పెట్టుకునేవారు కదా అంటారా? నిజమే. కానీ ఆలోగా ఎన్ని ముఖాలు పగిలేవో! రువాని తీసేస్తే రెండు కప్పులు పోతాయి. ప్లాంట్‌ని తీసేస్తే రువా ముఖం మీద మాస్కే ఉండేదో లేదో.

ఇక డిఫెన్స్. ఒకడు లారీ రాబిన్సన్. 1976-77లో మాంట్రియల్ 80 మ్యాచ్‌లు ఆడి ఎనిమిదే ఓడింది. ఆ సీజన్‌లో రాబిన్సన్ ప్లస్-మైనస్ లెక్క 120. రెండు వైపులా సమానంగా మనుషులున్నప్పుడు అతను మంచు మీద ఉంటే, తన జట్టు కొట్టిన గోల్స్ ఎదుటివాళ్లు కొట్టిన వాటికంటే అన్ని ఎక్కువని దాని సారాంశం. అంతకంటే పెద్ద అంకె లీగ్ చరిత్రలో బాబీ ఓర్‌ది ఒక్కటే, 124.

రెండోవాడు డగ్ హార్వీ. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇతనే. లీగ్ జీవితం మొత్తంలో 88 గోల్స్. షీట్‌లో ఎక్కడో అడుగున ఉంటాడు. కానీ ఆ ఐదు కప్పుల జట్టు వేగం అతని స్టిక్ చివర ఉండేది. పక్ అందుకుని తొందరపడకుండా నిలబడి, ఎదుటివాళ్లని తన మీదకి రప్పించి, ఖాళీగా ఉన్నవాడికి అందించేవాడు. బెలివో, రిషార్ గోల్స్‌లో ఎన్నో మొదలయ్యేది అక్కడే. అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ ఏడుసార్లు గెలిచాడు, ఆరు మాంట్రియల్‌లో ఉండగానే.

1957లో డెట్రాయిట్ ఆటగాడు టెడ్ లిండ్సే పింఛను, జీతాల కోసం ఆటగాళ్ల సంఘం పెడితే, దానికి ఉపాధ్యక్షుడు హార్వీ. యజమానులకి అది నచ్చలేదు. లిండ్సేని అదే ఏడు చికాగోకి పంపేశారు. సంఘం నిలవలేదు. 1961లో నోరిస్ ట్రోఫీ చేతిలో ఉండగానే హార్వీని న్యూయార్క్‌కి ఇచ్చేశారు. సంఘమే కారణమని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అతను అక్కడికెళ్లి మరుసటి ఏడాదీ అదే ట్రోఫీ గెలిచాడు! నిలబడ్డ సంఘం 1967లో వచ్చింది. ఈనాటి ఆటగాళ్లు జీతం కోసం బల్లకి అటువైపు కూర్చుని మాట్లాడగలుగుతున్నారంటే, మొదట దెబ్బ తిన్నవాళ్లలో ఇతనొకడు.

మన ఆరుగురూ తేలారు కదా. ఇప్పుడు ఒక్క అంకె చూడండి. గొప్పవాళ్ల జెర్సీ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా స్టేడియం పైకప్పుకి వేలాడదీయడం అక్కడి గౌరవం. రిషార్ 9 ఆట మానేసిన 1960లోనే పైకెక్కింది. బెలివో 4 కూడా అంతే, 1971లో. లాఫ్లూర్ 1984 నవంబరులో మానేస్తే, 1985 ఫిబ్రవరికల్లా అతని 10 పైన ఉంది. మరి మిగతావాళ్లు? రాబిన్సన్ జట్టు వదిలిన 18 ఏళ్లకి, 2007లో. హార్వీ వదిలిన 24 ఏళ్లకి, 1985లో. ప్లాంట్ వదిలిన 32 ఏళ్లకి, 1995లో. అప్పటికి ప్లాంట్ చనిపోయి తొమ్మిదేళ్లయింది.

ఫార్వర్డ్‌లందరికీ అంత తొందరగా రాలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఈ ఆరుగురి వరకు చూస్తే గోల్ కొట్టినవాళ్లకి గౌరవం నెలల్లో వచ్చింది, గోల్ పడకుండా ఆపినవాళ్లకి దశాబ్దాల్లో వచ్చింది. మన ఎక్సెల్ షీట్ చేసే పొరపాటే పైకప్పు కూడా చేసింది.

మీ ఆరుగురు వేరే ఉండొచ్చు. రువా ఏడి అని మీరు అడిగితే నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఐస్ హాకీ అక్కర్లేదంటే మీ క్రికెట్ జట్టునే తీసుకోండి. ఎవరు ఎన్ని కొట్టారన్నది ముందే అందరికీ తెలుసు, దానికోసం వాదన అనవసరం. స్కోరుబోర్డులో పేరు లేకుండా మ్యాచ్ కాపాడినవాళ్లు, తోటివాళ్ల కోసం నోరు తెరిచి చోటు పోగొట్టుకున్నవాళ్లు ఎవరున్నారో వెతికి, ముందు వాళ్ల పేర్లు రాసుకోండి. సెంచరీలవాళ్లని తర్వాత రాసుకోవచ్చు, వాళ్లని ఎవరూ మర్చిపోరు.