నేరం తల్లిది కాదు

లోపంతో శిశువు జన్మించినపుడు మన సమాజంలో మొట్టమొదట నిందకు గురి అయ్యేది తల్లియే. గ్రహణ సమయంలో బయట తిరిగినదని కొందరు, వయసు మీరిన తరువాత కన్నదని కొందరు నాలుగు మాటలంటారు. పెదవి చీలికతో పుట్టుటకు ‘గ్రహణం మొర్రి’ అన్న పేరే మన భాషలో స్థిరపడిపోయినది. విద్యావంతులమని చెప్పుకొనే మనము ఈ నిందను మౌనంగా వింటూ ఊరకుండుట తగదని మా అభిప్రాయం.

వయసు మాటలో కొంత సత్యం లేకపోలేదు. డౌన్ సిండ్రోమ్‌కు తల్లి వయసుతో సంబంధం ఉన్నదని 1933లో ఆంగ్ల వైద్యుడు పెన్రోజ్ నిరూపించారు. ఇరవై యేండ్ల ప్రాయంలో సుమారు 1500 కాన్పులలో ఒకటిగా ఉండే ఈ అవకాశం నలబై యేండ్లకు సుమారు 100లో ఒకటి అవుతుంది. అయితే పేగులు కడుపు వెలుపలికి వచ్చి పుట్టే లోపం 20 యేండ్ల లోపు తల్లుల బిడ్డలలోనే అధికం. కావున వయసు వైద్యులు చూడవలసిన లెక్కయే గాని, అత్తవారు మోపవలసిన నేరం కాదు.

ఇక ప్రాంతభేదాన్ని పరిశీలిద్దాం. 1999లో వెలువడిన చైనా పరిశోధన ఇందుకు చక్కని నిదర్శనం. మెదడు, వెన్నుపాములకు సంబంధించిన లోపాలు ఉత్తర ప్రాంతంలో వేయి గర్భాలకు 4.8 ఉండగా, దక్షిణాన 1.0 మాత్రమే ఉన్నవి. గర్భధారణకు ముందునుండే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకొన్న స్త్రీలలో అవి ఉత్తరాన 1.0కి, దక్షిణాన 0.6కి తగ్గినవి. విధివ్రాత అనుకొన్నదానిలో అధిక భాగం పోషకాహార లోపమేనని దీనివలన తేటతెల్లమగుచున్నది. అమెరికా 1998 నుండి పిండిలోనే ఈ ఆమ్లాన్ని కలుపుట తప్పనిసరి చేసినది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. శిశువు మెదడు, వెన్నుపాములుగా రూపొందే నాళం గర్భధారణ జరిగిన 28 దినాలలోపే మూసుకొంటుంది. అప్పటికి అనేకమంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. నెల తప్పిన తరువాత ఇచ్చే మాత్ర ఈ పనికి ఆలస్యమే. అందుచేత ఈ జ్ఞానం ఆసుపత్రిలో గాక, వివాహానికి పూర్వమే, అనగా కళాశాలలోనే అందవలెను.

మన ప్రాంతంలో మేనరికాలు, దగ్గరి బంధువుల వివాహాలు హిందూ ముస్లిం కుటుంబాలు రెండింటిలోనూ ఉన్నవి. ఇట్టి వివాహాలలో కొన్ని వంశపారంపర్య వ్యాధులు బయటపడుటకు తల్లిదండ్రులిద్దరి వారసత్వమూ కారణమే. మరి నింద ఒక్క తల్లికేల?

కళాశాల కమిటీవారికి మా విన్నపం ఒక్కటే. ఏటా ఒక లేడీ డాక్టరును ఆహ్వానించి ఈ విషయంపై ఉపన్యాసం ఏర్పాటు చేయవలెను. సారాంశాన్ని ఉర్దూ, తెలుగు భాషలలో కరపత్రంగా ముద్రించి పంచవలెను. ఆ సభకు విద్యార్థినులతోపాటు విద్యార్థులు కూడ తప్పక రావలెను. రేపు తండ్రులు కాబోయేది వారే గదా!