నౌకలో బక్షీసు లెక్క

తొలిసారి క్రూయిజ్ ఎక్కేవారిని తికమకపెట్టే మాట 'గ్రాట్యుటీ'. సిల్తరా కార్మికుడు ఎరిగిన గ్రాట్యుటీ ఒకటైతే, ఓడ బిల్లులో కనిపించేది మరొకటి.

ధర్సీవాకు సముద్రం చాలా దూరం. రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరికి ఒకపక్క వరి పొలాలు, మరోపక్క సిల్తరా పారిశ్రామిక వాడ పొగగొట్టాలు. స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాల షిఫ్టులను బట్టే ఇక్కడ చాలా ఇళ్లలో పొద్దు గడుస్తుంది. రైల్వేలోనో, ఉక్కులోనో ఉద్యోగం దొరికి రాయ్‌పూర్, భిలాయ్ ప్రాంతాల్లో స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలకు గానీ, వారి ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీలకు గానీ సముద్రమంటే విశాఖపట్నమే. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. 2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖ వందేభారత్ మొదలయ్యాక అది ఒక పూట ప్రయాణమైంది.

ఇన్నాళ్లూ ఆ ప్రయాణం రామకృష్ణా బీచ్, సింహాచలం, అరకులతో ముగిసేది. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' అనే క్రూయిజ్ నౌక విశాఖ రేవుకు వచ్చాక జాబితాలో మరొకటి చేరింది. 2023 సెప్టెంబరులో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను కూడా అక్కడ ప్రారంభించారు. అమెరికాలో ఉండే అల్లుడు చెబితేనో, సింగపూర్ ప్యాకేజీలో భాగంగానో తెలిసే ఓడ విహారం ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలో పండగ సెలవుల చర్చల్లోకి వచ్చింది.

తొలిసారి వెళ్లేవారికి సందేహాలు సహజం. కడుపులో తిప్పితే ఏ మాత్ర వేసుకోవాలి, శాకాహారం దొరుకుతుందా, కిటికీ ఉన్న గది తీసుకోవాలా వద్దా లాంటివన్నీ ట్రావెల్ ఏజెంటును అడిగి తెలుసుకుంటారు. అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది. ఓడలో ఎవరికి, ఎంత టిప్పు ఇవ్వాలి?

ఒకే మాట, రెండు అర్థాలు

ధాబాలో లెక్క తేలికే. భోజనం అయ్యాక సోంపు పళ్లెంలో పదో ఇరవయ్యో వదిలి లేస్తారు. వదలకపోయినా ఎవరూ అడగరు. ఓడలో అలా కాదు. టికెట్ బిల్లులోనో, ప్రయాణం చివర ఇచ్చే ఖాతాలోనో 'గ్రాట్యుటీ' అని ఒక వరుస ఉంటుంది. మనిషికి ఇంత, రాత్రికి ఇంత అని లెక్కగట్టి మరీ వేస్తారు.

కర్మాగారంలో పనిచేసే వారికి ఈ మాట కొత్తేమీ కాదు. 1972 నాటి చట్టం ప్రకారం కనీసం పదిమంది ఉన్న సంస్థలో వరుసగా ఐదేళ్లు పనిచేసిన వ్యక్తికి, చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున ఉద్యోగం వదిలేటప్పుడు ముట్టే సొమ్ము అది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఈ నిబంధనలు కలిసిపోయాయి. నిర్ణీత కాలం ఒప్పందం మీద పనిచేసేవారికి ఏడాది సర్వీసుకే ఆ హక్కు దక్కింది. కూతురి పెళ్లి, ఇంటి మీద అప్పు, చివరి ఈఎంఐ అన్నీ ఆ సొమ్ము మీద లెక్క పెట్టుకున్న ఇళ్లు సిల్తరా చుట్టూ తక్కువేమీ కాదు.

ఇంగ్లిష్‌లో ఆ మాటకు మూలార్థం దయతో ఇచ్చేది అని. చట్టం రాకముందు కార్మికుడి గ్రాట్యుటీ కూడా చాలాచోట్ల యజమాని మనసు మీదో, ట్రిబ్యునల్ తీర్పు మీదో ఆధారపడేది. దయగా మొదలైన సొమ్ము పోరాటాల తర్వాత హక్కుగా మారింది. ఓడలో మాత్రం ఇదే మాట ఎదురు దిశలో నడిచింది. యజమాని ఇవ్వాల్సిన జీతంలో కొంత భాగం ప్రయాణికుడి దయ అనే పేరుతో బిల్లులోకి చేరింది.

కవరు నుంచి కార్డుకు

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. పాతకాలపు నౌకల్లో ప్రయాణికుడికి భోజనానికి ఒకటే బల్ల, ఒకటే వేళ. రోజూ వడ్డించే మనిషీ మారడు. చివరి రాత్రి గది శుభ్రం చేసిన స్టీవార్డుకు ఒక కవరు, వడ్డించినవాడికి ఒకటి, అతని సహాయకుడికి ఇంకొకటి ఇచ్చి దిగిపోయేవారు. 2000లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ నచ్చిన వేళకు నచ్చిన చోట తినే పద్ధతి తెచ్చింది. ఇతర కంపెనీలూ ఆ బాట పట్టాయి. రోజుకొకరు వడ్డించే చోట కవరు ఎవరి చేతిలో పెట్టాలి? దాంతో టిప్పును అందరి ఖాతాలో ఒకే రేటున వేసి, వసూలైన మొత్తాన్ని సిబ్బందికి పంచే ఏర్పాటు స్థిరపడింది. రాయల్ కరీబియన్ కూడా 2013లో ఆ దారికి వచ్చింది.

రేటు చిన్నదేమీ కాదు. 2023 నవంబరులో రాయల్ కరీబియన్ మామూలు గదికి మనిషికి రోజుకు 18.50 డాలర్లుగా దాన్ని నిర్ణయించింది. ఆ లెక్కన నలుగురున్న కుటుంబం నాలుగు రాత్రులు గడిపితే 296 డాలర్లు. రూపాయల్లో పాతిక వేల పైమాటే. పిల్లలకూ పెద్దల రేటే పడుతుంది. కొన్ని కంపెనీలు పసిబిడ్డలను మాత్రం మినహాయిస్తాయి. ఇది కాక బార్‌లో తీసుకునే ప్రతి పానీయం మీదా, స్పా మీదా సాధారణంగా 18 నుంచి 20 శాతం విడిగా కలుస్తుంది. ఓడలో నోట్లు చేతులు మారవు. గది తాళంగా పనిచేసే కార్డునే అన్నిచోట్లా చూపించాలి. డబ్బు కదలడం కనిపించదు కాబట్టి చివరి రోజు ఖాతా చూసేసరికి గుండె ఝల్లుమంటుంది.

అప్పుడే చాలామందికి ఒక ఉపాయం తడుతుంది. ఈ వరుసను కొట్టేయించుకుంటే? అనేక కంపెనీల్లో అది సాధ్యమే. ఓడలోని సేవా కౌంటరుకు వెళ్లి అడిగితే తగ్గిస్తారు, కొన్నిసార్లు పూర్తిగా తీసేస్తారు. పైగా భారతీయ వినియోగదారుడికి ఈ విషయంలో ఇటీవలి గెలుపు ఒకటి గుర్తుంది. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో తమంతట తాము సర్వీస్ చార్జి కలపరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. రాయ్‌పూర్ రెస్టారెంట్‌లో చెల్లించనవసరం లేనిది సముద్రం మీద ఎందుకు చెల్లించాలి అన్న ప్రశ్న న్యాయంగానే కనిపిస్తుంది.

పరుపు కింద జీతం

జవాబు ఓడ కింది అంతస్తుల్లో ఉంది. ప్రయాణికులు చూడని ఆ ఇరుకు గదుల్లో ఉండే సిబ్బందిలో ఫిలిప్పీన్స్, ఇండొనేషియా వారితో పాటు భారతీయులూ గణనీయంగా ఉంటారు. గోవా, ముంబై, కేరళల నుంచి వెళ్లేవారు ముందునుంచీ ఎక్కువ. ఒప్పందం సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఆ కాలంలో వారాంతపు సెలవన్నది అరుదు.

పెద్ద క్రూయిజ్ నౌకలు చాలావరకు బహామాస్, పనామా, మాల్టా, బెర్ముడా జెండాల కింద నడుస్తాయి. యజమాని ఏ దేశస్థుడైనా, ప్రయాణికులు ఏ దేశస్థులైనా లోపల వర్తించేది ప్రధానంగా జెండా దేశపు చట్టమే. దానికి పైన అంతర్జాతీయ కార్మిక సంస్థ తెచ్చిన 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ఉంది. అది 2013లో అమల్లోకి వచ్చింది. భారత్ 2015లో ఆమోదించింది. విశ్రాంతి రోజుకు పది గంటలకు, వారానికి 77 గంటలకు తగ్గరాదన్నది అందులోని ఒక కొలమానం. తిప్పి చదివితే రోజుకు 14 గంటల దాకా పని ఉండొచ్చని అర్థం. అదే సంస్థ ఒప్పందం ప్రకారం అనుభవమున్న నావికుడికి 2025లో నెలకు కనీస మూల వేతనం 673 డాలర్లు. డెక్ మీద పనిచేసేవాడి కొలమానం ఇది. గదులు సర్దేవారు, వడ్డించేవారి విషయంలో టిప్పుల వాటాను కలిపితేనే ఆదాయం లెక్కకు వస్తుంది.

అంటే నాలుగు రోజులూ పరుపు సర్ది, తువ్వాలును ఏనుగు బొమ్మలా మడిచి పెట్టిన కుర్రాడి జీతంలో ఒక భాగం ఆ వరుసలో ఉంది. కౌంటరులో ఆ అంకెను కొట్టేయిస్తే కంపెనీ లాభం తరగదు. నష్టం దిగువకే జారుతుంది. రెస్టారెంటు సర్వీస్ చార్జి గెలుపును ఇక్కడికి తెచ్చుకునే ముందు ప్రయాణికుడు ఆలోచించాల్సింది ఇదే.

అలాగని కంపెనీల వాదనను పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019లో టిప్పును టికెట్ ధరలోనే కలిపేసి, విడిగా వేయడం మానుకుంది. ఓడలు ఆగిపోలేదు. ప్రకటనలో ధర తక్కువగా చూపించి, మిగతాది దయ పేరుతో తర్వాత రాబట్టడం వ్యాపార సౌలభ్యమే తప్ప సముద్ర ధర్మం కాదని దీంతో తేలింది. కొనేముందే మొత్తం ధర తెలుసుకునే హక్కు ప్రయాణికుడికి ఉంది. నెలాఖరుకు ఎంత వస్తుందో తెలుసుకునే హక్కు గది సర్దే కుర్రాడికీ ఉంది. ఇప్పుడున్న పద్ధతిలో ఇద్దరికీ ఆ నిశ్చింత లేదు.

ఎవరికి, ఎంత?

మారేదాకా ఉన్న పద్ధతిలోనే మర్యాదగా నడుచుకోవాలి. ముందుగా టికెట్ కొనేటప్పుడు గ్రాట్యుటీ ధరలో కలిసిందా, విడిగానా అని ఏజెంటును అడిగి కాగితం మీద రాయించుకోవాలి. విడిగా అయితే టికెట్‌తో పాటే చెల్లించేయడం మేలు. చివరి రోజు గుండెదడ తప్పుతుంది. బయల్దేరే ముందు వేసుకునే ఖర్చుల లెక్కలో దాన్ని రైలు చార్జీలా చూడాలి, మిగిలితే ఇచ్చేదానిలా కాదు.

ఆ సొమ్ము కట్టాక పైన ఇవ్వడం పూర్తిగా మనసు ప్రకారం. పసిపిల్లలతోనో, నడవలేని పెద్దవారితోనో వెళ్లి, గది చూసుకునే మనిషికి అదనపు పని కల్పించినప్పుడు చేతిలో కొంత పెట్టడం సబబు. బార్ బిల్లులో శాతం ముందే కలిసి ఉంటుంది. కిందున్న ఖాళీ గీత చూసి మళ్లీ రాయనక్కర్లేదు. బఫేలో పళ్లెం పట్టుకున్న ప్రతిసారీ జేబు తడుముకోనక్కర్లేదు. కెప్టెన్‌కు, అధికారులకు, ఓడ డాక్టరుకు టిప్పు ఇవ్వబోవడం వారిని ఇబ్బంది పెట్టడమే. రేవులో పెట్టెలు మోసే కూలీ, ఒడ్డున ఊరు చూపించే డ్రైవరు, గైడు ఓడ ఖాతాలోకి రారు. వారికి విడిగా ఇవ్వాలి. విదేశీ రేవు అయితే అందుకు చిన్న నోట్లు దగ్గర పెట్టుకోవాలి.

సేవ నిజంగా బాగాలేకపోతే? చివరి రోజు దాకా ఓర్చుకుని టిప్పు కోసేయడం కంటే రెండో రోజే కౌంటరులో చెప్పడం ఉపయోగం. ఆ సొమ్ము పదిమందికి పంచేది కాబట్టి ఒకరి మీద కోపం తక్కిన తొమ్మిదిమంది మీద పడుతుంది. బాగుంటే మాత్రం అభిప్రాయాల పత్రంలో ఆ మనిషి పేరు స్పష్టంగా రాయాలి. తర్వాతి ఒప్పందానికీ, పై మెట్టుకూ ఆ రెండు వాక్యాలు పనికొస్తాయి. పైసా ఖర్చులేని ఈ బక్షీసును చాలామంది మర్చిపోతారు.

సిల్తరాలో ఐదేళ్లు పూర్తికావడానికి కొన్ని నెలల ముందు పని పోతుందేమోనని రోజులు లెక్కపెట్టుకున్న ఇంటివారికి ఇదంతా ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేదు. గ్రాట్యుటీ అనే వరుసలో అంకె పడటం అంటే ఏమిటో, పడకపోవడం అంటే ఏమిటో వారికి తెలుసు. తొలిసారి ఓడెక్కి బిల్లులో ఆ మాట చూసినప్పుడు దాన్ని కొట్టేయించే ముందు వారు గుర్తుచేసుకోవాల్సింది తమ సొంత లెక్కనే.